అగ్రిమెంటు దావాకు ట్రయల్ నోట్‌బుక్: పని డైరీ

ఇష్యూలు (కోర్టు తేల్చాల్సిన ప్రశ్నలు) ఫ్రేమ్ అయిన వారం

ఈ దావా ట్రయల్ పనంతా సీనియర్ గారు నాకే అప్పగించారు. మేము వాది తరఫు. ఇంటి స్థలం అమ్ముతానని ప్రతివాది 2021లో అగ్రిమెంటు రాసిచ్చాడు, అడ్వాన్సు తీసుకున్నాడు. గడువు మధ్యలో ఇంకొంత సొమ్ము తీసుకుని అగ్రిమెంటు వెనక ఎండార్స్‌మెంటు (సొమ్ము ముట్టినట్టు రాత) రాసి సంతకం కూడా పెట్టాడు. రిజిస్ట్రేషన్ మాత్రం చేయలేదు. నోటీసిచ్చి, 2023లో స్పెసిఫిక్ పెర్ఫార్మెన్స్ (ఒప్పందం ప్రకారం రిజిస్ట్రేషన్ చేయించమని కోరే) దావా వేశాం. జవాబు దావాలో ఆయన వాదన ఏమిటంటే, అది అమ్మకం కాదు, అప్పు. సెక్యూరిటీ కోసం ఖాళీ కాగితాల మీద సంతకాలు తీసుకున్నారు. సివిల్ ప్రాక్టీసులో ఈ డిఫెన్సు వినని లాయరు ఉండరు. (పార్టీలను గుర్తుపట్టే వివరాలేవీ ఇక్కడ రాయడం లేదు.)

ఆఫీసులో కేసు కట్ట ఎలాగూ ఉంది. ప్లెయింటు (దావా పత్రం), వకాలత్తు, ఐఏలు (మధ్యంతర దరఖాస్తులు), కౌంటర్లు, వాయిదాల డాకెట్లు ఏది ముందొస్తే అది ముందు, అలా పెరుగుతూ పోతుంది. కేసు చరిత్రకు అది సరిపోతుంది. కానీ ట్రయల్లో జడ్జిగారు చరిత్ర అడగరు. "ఈ మాట ప్లీడింగ్స్‌లో ఉందా? ఏ పేరా?" అని, అంటే ఇరుపక్షాలూ దాఖలు చేసిన రాతల్లో ఉందా అని అడుగుతారు. సాక్షి బోనులో నిలబడి ఉన్నప్పుడు కట్ట విప్పి వెతికే తీరిక ఎవరికీ ఉండదు. అందుకే నోట్‌బుక్ వేరే పద్ధతిలో కట్టాలనుకున్నాను. కాగితం ఎప్పుడు వచ్చిందన్నది కాకుండా, ఏ విషయం రుజువు చేయడానికి పనికొస్తుందన్నదే దాని వరస.

మొదటి పేజీలో ఇష్యూలను కోర్టు రాసిన మాటల్లోనే దించుకున్నాను. అగ్రిమెంటు నిజమైనదా, చెల్లుతుందా, ప్రతివాది దానికి కట్టుబడాలా అనేది ఒకటి. అది అప్పుకు సెక్యూరిటీగా పుట్టిందా అనేది రెండోది. వాది తన వంతు నెరవేర్చడానికి ఎప్పుడూ సిద్ధంగా, సుముఖంగా ఉన్నాడా అనేది మూడోది. తర్వాత వాది కోరిన డిక్రీకి అర్హుడా, చివరికి ఏ రిలీఫ్ ఇవ్వాలి అనేవి. ప్రతి ఇష్యూ పక్కన రుజువు చేసే భారం ఎవరిదో ఎర్ర పెన్నుతో రాశాను. ఒకటి, మూడు మావి. రెండోది ప్రతివాదిది. ఈ ఎర్ర అక్షరాలు చిన్నవే, కానీ క్రాస్‌లో (ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించేటప్పుడు) ఎంతసేపు ఎక్కడ ఖర్చు పెట్టాలో తేల్చేది అవే. రెండో ఇష్యూలో మన సాక్షితో ఎక్కువ చెప్పించబోతే, అవతలివాళ్ల బరువు మనం నెత్తికెత్తుకున్నట్టవుతుంది.

ఇష్యూగా ఫ్రేమ్ కాని ఒక విషయానికి కూడా పేజీ పెట్టాను: లిమిటేషన్, అంటే దావా వేయడానికి ఉన్న కాలపరిమితి. ప్రతివాది ఎత్తకపోయినా కాలదోషం పట్టిందేమో కోర్టే చూడాలని లిమిటేషన్ చట్టం 3వ సెక్షన్ చెబుతుంది. 54వ ఆర్టికల్ ప్రకారం ఒప్పందంలో తేదీ నిర్ణయించి ఉంటే ఆ తేదీ నుంచి 3 ఏళ్లు, లేకపోతే నిరాకరించిన సంగతి వాదికి తెలిసినప్పటి నుంచి 3 ఏళ్లు. మా అగ్రిమెంటులో గడువు తేదీ స్పష్టంగా ఉంది. గడువు ముగిసిన తేదీ, దావా దాఖలు తేదీ రెండూ ఒకదాని కింద ఒకటి రాసి ఆ పేజీ ముగించాను.

వేసవి సెలవులు: ప్రూఫ్ చార్టు

నోట్‌బుక్ మొత్తంలో నేను ఎక్కువ సమయం పెట్టింది దీని మీదే. పెట్టాలి కూడా. అడ్డంగా తిప్పిన పెద్ద కాగితం మీద నిలువు గళ్లు గీశాను. రుజువు కావలసిన విషయం, అది ప్లెయింటులో ఏ పేరాలో ఉంది, ప్రతివాది దానికి జవాబు దావాలో ఏమన్నాడు, చెప్పే సాక్షి ఎవరు, చూపించే కాగితం ఏది, అవతలి నుంచి రాగల అభ్యంతరం ఏమిటి. చివరి గడి ఖాళీ. సాక్ష్యం రికార్డయ్యాక డిపోజిషన్ (కోర్టు రాసుకున్న సాక్ష్యం) పేజీ నంబరు అందులో రాయాలి.

మూడో గడి వల్ల పని చాలా తగ్గింది. ప్రతివాది ఒప్పుకున్న విషయాలను రుజువు చేయనక్కర్లేదు. స్థలం తనదేనన్నది ఒప్పుకున్నాడు. సంతకం తనదేనన్నది కూడా ఒక రకంగా ఒప్పుకున్నట్టే, ఖాళీ కాగితం మీద పెట్టానంటున్నాడు కాబట్టి. అంటే మొదటి ఇష్యూలో మిగిలిన తగువు చాలా చిన్నది: సంతకం పెట్టేనాటికి కాగితం మీద రాత ఉందా లేదా. దీనికి అటెస్టరు (అగ్రిమెంటు మీద సాక్షిగా సంతకం పెట్టిన వ్యక్తి), అగ్రిమెంటు రాసిన స్క్రైబు ఇద్దరూ ఉన్నారు. చార్టు గీయకముందు "అగ్రిమెంటును రుజువు చేయాలి" అని పెద్ద కొండలా కనిపించిన పని, గళ్లలో పెట్టేసరికి ఇద్దరు సాక్షులు చెప్పాల్సిన ఒక్క వాక్యంగా మారింది.

మూడో ఇష్యూ దగ్గర చార్టు నన్ను ఆపేసింది. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 16(సి) కింద వాది తన సంసిద్ధతను రుజువు చేయాలి. 2018 సవరణకు ముందు అది ప్లెయింటులో రాయడం, రుజువు చేయడం రెండూ తప్పనిసరి అని ఉండేది. ఇప్పుడు రుజువు చేయాలనే ఉంది. మేం ప్లెయింటులోనూ రాశాం, అది వేరే సంగతి. సిద్ధంగా ఉండటమంటే డబ్బు సర్దగల స్తోమత, సుముఖంగా ఉండటమంటే నడవడిక. డబ్బు చేతికివ్వడం గానీ, కోర్టులో కట్టడం గానీ తప్పనిసరి కాదని, కోర్టు ఆదేశిస్తే తప్ప అక్కర్లేదని అదే సెక్షన్ వివరణలో ఉంది. అయినా స్తోమత ఉందని చూపించాలి. 1995లో ఎన్.పి. తిరుజ్ఞానం కేసులో సుప్రీంకోర్టు ఈ సంసిద్ధత ఒప్పందం నాటి నుంచి డిక్రీ దాకా కొనసాగాలని చెప్పింది.

సుముఖతకు నోటీసు ఉంది, రిజిస్ట్రేషన్‌కు రమ్మని పంపిన వాట్సాప్ మెసేజీలు ఉన్నాయి, మధ్యలో కట్టిన సొమ్ము ఉంది. స్తోమత గడిలో బ్యాంకు స్టేట్‌మెంటు ఒక్కటే ఉంది. దాన్ని నెలవారీగా చదివాను. గడువు దగ్గరపడే నెలల్లో ఖాతాలో ఉన్నది బాకీ మొత్తానికి సరిపోదు. క్రాస్‌లో అవతలి లాయరు మొదట పట్టుకునేది ఆ నెలలనే.

పార్టీని, అంటే మా క్లయింటైన వాదిని, పిలిపించి అడిగాను. "మిగతా డబ్బు ఎలా తెద్దామనుకున్నారండీ అప్పట్లో?"

"బ్యాంకు లోను శాంక్షన్ అయిందమ్మా. లెటర్ కూడా ఇచ్చారు. స్థలమే రిజిస్టర్ కాలేదు కదా, ఇంకెందుకని ఇంట్లో పెట్టేశాను. అది పనికొస్తుందా?"

పనికిరావడం కాదు, ఆ గడికి అసలు కావలసింది అదే. శాంక్షన్ లెటర్ గడువు తేదీకి ముందుదే. అయితే దావాతో పాటు దాఖలు కాలేదు కాబట్టి సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 7 రూల్ 14(3) కింద కోర్టు అనుమతి కావాలి. ట్రయల్ మొదలయ్యాక అడిగితే అవతలివాళ్లు "ఇప్పుడే ఎందుకు గుర్తొచ్చింది" అంటారు. ఇంకా పీడబ్ల్యూ1 (వాది తరఫు మొదటి సాక్షి, అంటే మా పార్టీ) బోనెక్కలేదు. కోర్టు తెరిచిన రోజునే పిటిషన్ వేసేలా అఫిడవిట్ తయారు చేశాను. దాంతో పాటు బ్యాంకు నుంచి ధృవీకరించిన నకలు కూడా అడగమన్నాను. స్టేట్‌మెంటు కంప్యూటర్ ప్రింటు అయితే 1891 నాటి బ్యాంకర్స్ బుక్స్ ఎవిడెన్స్ చట్టం 2ఎ సెక్షన్ కోరే సర్టిఫికెట్లు దాని వెంట ఉండాలి. మామూలు ప్రింటవుట్ మీద బ్యాంకు స్టాంపు కొట్టించుకొస్తే చాలనుకునే పార్టీలు చాలామంది. అడగాల్సింది ఏమిటో చీటీ మీద రాసిచ్చి పంపాను.

కాగితాలు, మార్కింగు, అభ్యంతరాలు

ఎగ్జిబిట్ల (సాక్ష్యంగా చూపే కాగితాల) జాబితా వేశాను. ఏ1 అగ్రిమెంటు, ఏ2 వెనకనున్న ఎండార్స్‌మెంటు, ఏ3 లీగల్ నోటీసు ఆఫీసు కాపీ, తర్వాత పోస్టల్ రసీదు, అక్నాలెడ్జ్‌మెంటు, ప్రతివాది ఇచ్చిన రిప్లై నోటీసు, బ్యాంకు స్టేట్‌మెంటు, వాట్సాప్ ప్రింట్లు. పిటిషన్ అలౌ అయితే శాంక్షన్ లెటర్. ఎండార్స్‌మెంటుకు వేరే నంబరు అడగడం నాకు ముఖ్యం. ఒకే కాగితం మీద ఉన్నా అది మరో రోజు జరిగిన మరో లావాదేవీ, మరో సంతకం. ఒకే నంబరు కింద పోతే వాదనలప్పుడు దాని బరువు కనబడదు.

ఒరిజినల్స్ కోర్టులో ఉన్నాయి, నోట్‌బుక్‌లో పెట్టేవి జిరాక్సులే. జిరాక్సు తీసేటప్పుడు వెనక వైపు మర్చిపోకుండా గుమస్తా గారితో దగ్గరుండి తీయించాను. స్టాంపు వెండరు రాత, సీరియల్ నంబరు, కొన్న తేదీ, ఎవరి పేరు మీద కొన్నారు అనేవి అక్కడే ఉంటాయి. మా అగ్రిమెంటు స్టాంపు పేపరు ప్రతివాది పేరు మీదే కొన్నది. సెక్యూరిటీ అన్న కథకు ఎదురుగా చూపించడానికి ఇదొక మంచి ఆధారం, క్రాస్ పేజీల్లోకి ఎక్కించాను.

ప్రతి ఎగ్జిబిట్ ముందు అర పేజీ చీటీ అంటించాను. దాని మీద మూడే ముక్కలు: ఎవరి ద్వారా మార్కు చేయాలి (సాక్ష్యంగా నంబరు వేయించాలి), ఎలాంటి అభ్యంతరం రావచ్చు, దానికి నా జవాబు. ఏ1 చీటీ మీద రిజిస్ట్రేషన్ లేదన్న అభ్యంతరం రాశాను. జవాబు: రిజిస్ట్రేషన్ చట్టం 49వ సెక్షన్ ప్రొవైజో (మినహాయింపు). స్పెసిఫిక్ పెర్ఫార్మెన్స్ దావాలో రిజిస్టర్ కాని కాగితాన్ని ఒప్పందానికి సాక్ష్యంగా తీసుకోవచ్చు. స్టాంపు డ్యూటీ సంగతి వేరు. అగ్రిమెంటులో స్వాధీనం అప్పగించినట్టు రాసి ఉంటే మన దగ్గర అమ్మకం పత్రంలాగే డ్యూటీ లెక్కిస్తారు. అందుకని ఏ1 ప్రతి వాక్యం చదివాను. స్వాధీనం రిజిస్ట్రేషన్ రోజునే అని ఉంది. ఆ వాక్యం కింద గీత గీసి, చీటీ మీద పేజీ, లైను నంబరు వేశాను.

అభ్యంతరాలను కోర్టు ఎప్పుడు తేల్చాలన్నదానికి 2001 నాటి బిపిన్ శాంతిలాల్ పంచాల్ తీర్పు అందరికీ తెలిసిందే. అభ్యంతరం నోట్ చేసుకుని, కాగితాన్ని తాత్కాలికంగా మార్కు చేసి, చివర్లో తేల్చవచ్చని అందులో చెప్పారు. స్టాంపు డ్యూటీ అభ్యంతరం మాత్రం అక్కడికక్కడే తేలాలి. ఎందుకంటే ఒకసారి సాక్ష్యంలోకి వచ్చేశాక, స్టాంపు చాల్లేదని అదే దావాలో మళ్లీ ప్రశ్నించడానికి స్టాంపు చట్టం 36వ సెక్షన్ ఒప్పుకోదు. రుజువు చేసే పద్ధతి మీద అభ్యంతరాన్ని కాగితం మార్కయ్యేటప్పుడే చెప్పాలని, ఊరుకుంటే వదులుకున్నట్టేనని 2003లో వెంకటాచల గౌండర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ మూడు సంగతులూ ఒకే పేజీ మీద రాసి రెండు చోట్ల పెట్టాను: మా ఎగ్జిబిట్ల ముందు, వాళ్ల బీ సిరీస్ (ప్రతివాది ఎగ్జిబిట్ల) కోసం ఉంచిన ఖాళీ డివైడర్ ముందు. మన కాగితాలను కాపాడుకోవడానికి ఎంత సిద్ధపడతామో, అవతలి కాగితం వచ్చిన క్షణంలో లేచి మాట్లాడటానికీ అంతే సిద్ధపడాలి.

వాట్సాప్ ప్రింట్ల దగ్గర చట్టం ఏదన్నది ముందు తేల్చుకోవాలి. భారతీయ సాక్ష్య అధినియమ్ 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. కానీ ఆ తేదీకి పెండింగ్‌లో ఉన్న విచారణలు 1872 నాటి పాత సాక్ష్య చట్టం కిందే నడుస్తాయని దాని 170వ సెక్షన్ అంటుంది. మా దావా 2023ది. కాబట్టి పాత 65బి సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ రికార్డు ప్రింటు ఎలా వచ్చిందో చెప్పేది). కొత్త దావాలకైతే 63వ సెక్షన్ కింద షెడ్యూల్లో ఇచ్చిన ఫారం వాడాలి. అందులో పార్టీ నింపే భాగం ఒకటి, నిపుణుడు నింపే భాగం ఒకటి ఉంటాయి, హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే కోడు) కూడా రాయాలి. సర్టిఫికెట్ అవసరమా కాదా అన్న చర్చకు 2020లో అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ తీర్పు ముగింపు చెప్పింది. ఫోను యజమానే బోనెక్కి అసలు ఫోను చూపిస్తే అక్కర్లేదు, ప్రింటు ఇస్తే తప్పనిసరి. మేం ప్రింటూ సర్టిఫికెట్టూ ఇస్తున్నాం, ఆ రోజు ఫోను కూడా జేబులో ఉంచుకుని రమ్మని పార్టీకి చెప్పాను. సెక్షన్ ఎక్కడ రాసినా పాత నంబరు పక్కన కొత్తది కూడా వేస్తున్నాను. అవతలి లాయరు కొత్త నంబరు చెప్పినా తడుముకోకూడదు కదా.

తీర్పుల విభాగం

దీన్ని కావాలనే సన్నగా ఉంచాను. ఒక్కో పాయింటుకు ఒకటి, మహా అయితే రెండు. పూర్తి తీర్పు వెనక, ముందు ఒకే పేజీ: వాస్తవాలు నాలుగు లైన్లలో, మనకు కావలసిన పేరా నంబరు, అది మన కేసుకు ఎందుకు సరిపోతుందో ఒక లైను. ట్రయల్ కోర్టులో వాస్తవాలు సరిపోలని తీర్పులు పది ఉన్నా, సరిపోలినది ఒక్కటి ఉన్నంత కాదు.

మనకు వ్యతిరేకంగా ఉన్నవీ ఇక్కడే ఉండాలి. రాతపూర్వక షరతులకు విరుద్ధంగా నోటి మాటతో సాక్ష్యం ఇవ్వడానికి సాక్ష్య చట్టం 92వ సెక్షన్ అడ్డు అని మేం అంటాం. కానీ కాగితం అసలు నిజమైన లావాదేవీ కోసం రాసింది కాదని, లోపల వేరే ఒప్పందం ఉందని చెప్పడానికి ఆ సెక్షన్ అడ్డురాదని 1981లో గంగాబాయి కేసులో సుప్రీంకోర్టు అంది. ప్రతివాది లాయరు తప్పకుండా ఇదే చూపిస్తారు. కాబట్టి మేం 92 మీద ఆశ పెట్టుకోకూడదు, వాస్తవాల మీదే గెలవాలి. ఈ సంగతి నోట్‌బుక్‌లో ముందే ఉంటే క్రాస్ ప్రణాళికే మారుతుంది. నాది మారింది.

తీర్పు ఇంకా నిలిచి ఉందా లేదా అన్న గడి కూడా పెట్టాను. స్పెసిఫిక్ పెర్ఫార్మెన్స్ మీద నోట్స్ చేసుకునేవాళ్లకు కట్టా సుజాతా రెడ్డి తీర్పు గుర్తుండే ఉంటుంది. 2018 సవరణ ఎప్పటి నుంచి వర్తిస్తుందో చెబుతూ 2022లో వచ్చింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టే రివ్యూలో దాన్ని వెనక్కి తీసుకుంది. మా అగ్రిమెంటు సవరణ తర్వాతది కనుక ఆ ప్రశ్న మాకు నేరుగా రాదు. అయినా సంసిద్ధత గురించి అందులో ఉన్న మాటల కోసం ఎవరైనా దాన్ని చూపించవచ్చు. అందుకని దాని వివరమూ, రివ్యూ వివరమూ కలిపి ఒక పేజీ ఉంచాను. వాయిదాకు ముందు రోజు ప్రతి తీర్పు స్థితీ మళ్లీ చూసుకోవడం ఇప్పుడు పనుల జాబితాలో భాగం.

చీఫ్ అఫిడవిట్, సాక్షిని సిద్ధం చేయడం

శాంక్షన్ లెటర్ పిటిషన్ అలౌ అయింది, ఖర్చులు కట్టాలన్న షరతుతో. కట్టేశాం.

ఆర్డర్ 18 రూల్ 4 కింద చీఫ్ (తన పక్షం తరఫున సాక్షి మొదట చెప్పే సాక్ష్యం) అఫిడవిట్ రూపంలోనే ఇవ్వాలి. మామూలుగా ప్లెయింటును ఉత్తమ పురుషలోకి మార్చి అఫిడవిట్ అంటారు. నేను ప్రూఫ్ చార్టు ముందు పెట్టుకుని రాశాను. పీడబ్ల్యూ1 పేరున్న ప్రతి గడికీ ఒక పేరా. చార్టులో లేని మాట అఫిడవిట్‌లో లేదు. దాంతో అది ప్లెయింటు కంటే చిన్నదైంది. సీనియర్ గారు చదివి, ఎండార్స్‌మెంటు రోజు ఎవరెవరు ఉన్నారో ఇంకాస్త వివరంగా చేర్చమన్నారు. అది సరైన సలహా, అటెస్టరు సాక్ష్యానికి అది ఆధారమవుతుంది.

పార్టీ కొంచెం టెన్షన్ పడ్డారు. "అమ్మా, నా బదులు మా అబ్బాయి చెబితే కుదరదా? వాడికి అన్నీ తెలుసు, బాగా మాట్లాడతాడు కూడా."

"కుదరదండీ. డబ్బు సిద్ధంగా ఉందని, కొనాలని ఉందని మీ మనసులో సంగతి మీరే చెప్పాలి. పవరాఫ్ అటార్నీ ఇచ్చినా మీకు మాత్రమే తెలిసినవి ఆయన చెబితే చెల్లదు. మీరు రాకపోతే అసలు భయపడ్డారనుకుంటారు."

2004 నాటి జానకీ వాష్‌దేవ్ భోజ్వానీ తీర్పు చెప్పేది ఇదే. పార్టీ బోనెక్కకపోతే వ్యతిరేకంగా ఊహించవచ్చని 1999లో విద్యాధర్ కేసు. ఈ రెండూ నోట్‌బుక్‌లో ప్రతివాది వైపు డివైడర్‌లో కూడా ఉంచాను, ఆయన రాకుండా వేరేవాళ్లను పంపితే అవసరమవుతాయి.

సాక్షిని సిద్ధం చేయడమంటే జవాబులు నేర్పడం కాదు. నేర్పిన జవాబు రెండో ప్రశ్నకే బయటపడుతుంది, అంతకన్నా ముఖ్యంగా అది తప్పు పని. నేను చేసింది ఇంతే: ఆయన సంతకం ఉన్న ప్రతి కాగితాన్నీ ఆయన చేతే పైకి చదివించాను. తేదీలు గుర్తులేని చోట గుర్తులేవనే చెప్పమన్నాను. ఖాతాలో డబ్బు తక్కువున్న నెలల గురించి అడిగితే ఉన్నది ఉన్నట్టే చెప్పి, లోను సంగతి అడిగినప్పుడు చెప్పమన్నాను. ఆయన ముఖంలో కాస్త నిశ్చింత కనిపించింది.

పీడబ్ల్యూ1 క్రాస్ అయ్యాక

ఊహించినట్టే మొదట బ్యాంకు నెలలు పట్టుకున్నారు. మా పార్టీ తడబడకుండా "అవునండీ, తక్కువే ఉంది, మిగతాది లోను తీసుకుందామనుకున్నాను" అన్నారు. శాంక్షన్ లెటర్ మీద ప్రశ్న రాలేదు. అంటే ఆ కాగితం ఎదిరింపు లేకుండా నిలిచింది. నోట్స్ కాగితం మీద సాక్షి అన్న మాటల్నే రాసుకున్నాను, నా మాటల్లో కాదు. డిపోజిషన్ చదివి వినిపించినప్పుడు దానితో సరిపోల్చుకున్నాను. సాయంత్రం ఆఫీసులో చార్టు చివరి గడి నింపాను. మూడో ఇష్యూ వరసంతా నిండింది.

అటెస్టరు, స్క్రైబు సాక్ష్యాలు కూడా పూర్తయ్యాయి. వాటి గురించి చెప్పుకోవాల్సింది తక్కువ. రాత పూర్తయి, చదివి వినిపించాకే సంతకాలు పెట్టారని ఇద్దరూ చెప్పారు, క్రాస్‌లో కదల్లేదు.

డీడబ్ల్యూ1 కోసం పేజీలు

డీడబ్ల్యూ1 అంటే ప్రతివాది తరఫు మొదటి సాక్షి, ఇక్కడ ప్రతివాదే. ఇప్పుడు ఈ పనే నడుస్తోంది. ఒక్కో పేజీకి ఒకే ఉద్దేశం, పైన ఒకే వాక్యంలో. ఎడమవైపు పాయింట్లు, పూర్తి ప్రశ్నలు కావు. పూర్తిగా రాసుకుంటే కళ్లు కాగితం మీదే ఉంటాయి, సాక్షి ముఖం చూడలేం. మధ్యలో ఆధారం: ఏ పేరా, ఏ ఎగ్జిబిట్, ఏ లైను. కుడివైపు జవాబు కోసం ఖాళీ.

నాకు అన్నిటికన్నా నమ్మకమున్న పేజీ రిప్లై నోటీసు మీదది. పైన రాసిన వాక్యం: "సెక్యూరిటీ కథ దావా వేశాక పుట్టింది." రిప్లై నోటీసులో ప్రతివాది అసలు ఏ అగ్రిమెంటూ రాయలేదన్నాడు. అప్పు మాట లేదు, ఖాళీ కాగితాల మాట లేదు. జవాబు దావాలో ఆ రెండూ వచ్చాయి. పేజీలో వరస ఇలా ఉంది. మా నోటీసు అందిందా. అందులో అగ్రిమెంటు సంగతి ఉందని తెలుసా. లాయరును కలిసి, విషయమంతా ఆయనకు చెప్పి రిప్లై ఇప్పించారా. ఆయనకు ఏదైనా దాచారా. ఇవన్నీ ఒప్పుకోక తప్పనివి. అప్పుడు రిప్లై నోటీసు చూపించి, అప్పు అన్న మాట ఎక్కడుందో చూపమనాలి. పాత రాతకూ ఇప్పటి మాటకూ తేడా ఉంటే ఆ భాగం సాక్షి దృష్టికి తెచ్చాకే వాడుకోవాలని పాత సాక్ష్య చట్టం 145వ సెక్షన్ చెబుతుంది, కొత్తదాంట్లో 148. ఆ పేజీ ఇక్కడితో ఆగాలి. "మరి ఎందుకు రాయలేదు?" అన్న ప్రశ్నను పేజీ కింద రాసి కొట్టేశాను. ఎందుకని అడిగితే ఆయనకు కథ చెప్పే అవకాశం మనమే ఇచ్చినట్టు. ఆ ప్రశ్నకు జవాబు వాదనల్లో మేం చెబుతాం.

రెండో పేజీ ఎండార్స్‌మెంటు మీద. ఖాళీ కాగితాల మీద ఒకే రోజు సంతకాలు పెట్టించుకున్నారన్నది ఆయన వాదన. ఎండార్స్‌మెంటు దగ్గర సంతకం కింద తేదీ వేసింది ఆయనే, అది అగ్రిమెంటు తేదీ కాదు. తేదీ ఆయన చేతిరాతేనని ఒప్పుకుంటే సరిపోతుంది. కాదంటే, ఒప్పుకున్న ఇతర రాతలతో పోల్చమని అడగడానికి కావలసినవి వెనకే పెట్టాను. మూడో పేజీ అప్పు మీద: ఎంత, ఎప్పుడు, వడ్డీ ఎంత, ఎప్పుడైనా కట్టారా, కాగితాలు తిరిగిమ్మని నోటీసిచ్చారా. భారం ఆయనదే కాబట్టి ఇక్కడ నేను తక్కువ అడిగితేనే మంచిది.

చివర సజెషన్లు, అంటే మన వాదన నిజమేనని సాక్షి ముందు పెట్టి అడిగే ప్రశ్నలు. మన కేసును అవతలి సాక్షి ముందు పెట్టకపోతే అతని మాటను ఒప్పుకున్నట్టు చూస్తారు. అందుకని చార్టులో ప్రతివాది కాదన్న ప్రతి గడికీ ఒక సజెషన్ రాశాను. గంటల కొద్దీ క్రాస్ చేసి చివర్లో ఇవి వదిలేసిన డిపోజిషన్లు చదివినప్పుడల్లా ఆ పార్టీల మీద జాలేస్తుంది.

వాదనల డివైడర్

ఇది చివరిది, కానీ మొదటి రోజు నుంచే కొద్దికొద్దిగా నిండుతోంది. ఆర్డర్ 18 రూల్ 2లో 3ఎ కింద కోర్టు అనుమతితో రాతపూర్వక వాదనలు ఇవ్వవచ్చు, క్లుప్తంగా, వేర్వేరు శీర్షికల కింద. మాకు శీర్షికలు మొదటి పేజీలోని ఇష్యూలే. ఒక్కో ఇష్యూ కింద చార్టులోని వరసను వాక్యంగా మార్చడం, దాని చివర ఎగ్జిబిట్ నంబరు, డిపోజిషన్ పేజీ వేయడం. ఒకటి, మూడు ఇష్యూలు దాదాపు అయిపోయాయి. రెండో ఇష్యూ ప్రతివాది బోనెక్కేదాకా ఖాళీగానే ఉంటుంది.

పీడబ్ల్యూ2, పీడబ్ల్యూ3 డిపోజిషన్లకు కాపీ అప్లికేషన్ వేశాం, ఇంకా రాలేదు. వచ్చాక పేజీ నంబర్లు వేయాలి. ఈకోర్ట్స్ యాప్‌లో తర్వాతి వాయిదా డీడబ్ల్యూ1 చీఫ్ అఫిడవిట్ కోసం అని చూపిస్తోంది. ఆ అఫిడవిట్ చేతికి రాగానే జవాబు దావా పక్కన పెట్టి పేరాకు పేరా చదవాలి, కొత్తగా చేరిన ప్రతి మాటకూ క్రాస్ పేజీల్లో చోటు చూడాలి.